డ్రమ్ము లేస్తోంది, పొయ్యి వెలగడం లేదు: పుల్లబడిపోయిన ఒక హాస్టల్ బయోగ్యాస్ ప్లాంటు

ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ: గ్యాస్ డ్రమ్ము రోజూ పైకి లేస్తోంది, వంటింట్లో మాత్రం మంట నిలవడం లేదు.

కోస్తాలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్ అది. సుమారు ఆరు వందల మంది పిల్లలు. మెస్‌లో మిగిలిన అన్నం, పప్పు, కూరలు, కూరగాయల తొక్కలు వేసి నడిపే 30 ఘనమీటర్ల డైజెస్టర్ (చెత్త కుళ్లే మూసిన ట్యాంకు), దాని మీద తేలే ఇనుప డ్రమ్ము. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ పల్లెల్లో పేడ కోసం ప్రచారం చేసిన పాత డ్రమ్ము నమూనాకే కాస్త మార్పులు చేసి, మెస్ చెత్తకు పనికొచ్చేలా కట్టారు. కొన్నేళ్లు పెద్దగా పేచీ లేకుండా నడిచింది. సంక్రాంతి సెలవులయ్యాక మొరాయించింది.

బయోగ్యాస్ ప్లాంట్ల బాగోగులు చూసే మాకు గ్యాస్ తక్కువ వస్తోందనే ఫిర్యాదులు మామూలే. డ్రమ్ముకు చిల్లు పడటం, పైపులో నీళ్లు నిలవడం, ట్యాంకులో తెట్టు కట్టడం, ఎక్కువగా ఇవే కారణాలు. గ్యాస్ నిండుగా ఉండి మండకపోవడం వేరే జబ్బు. చెత్త గ్యాస్‌గా ఎలా మారుతుందో తెలిస్తే తప్ప ఈ జబ్బు అర్థం కాదు. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

ముందు ప్లాంటు లెక్క

ఈ ప్లాంటుకు రోజుకు 100 కిలోల తడి చెత్త, దానికి సమానంగా నీళ్లు అని లెక్క. మెస్ చెత్తలో మూడొంతులకు పైగా నీరే. 100 కిలోల్లో ఎండు పదార్థం 22 కిలోల దాకా ఉంటుంది, అందులో సూక్ష్మజీవులకు తిండిగా పనికొచ్చేది సుమారు 20 కిలోలు. దాన్నుంచి రోజుకు 8 నుంచి 10 ఘనమీటర్ల గ్యాస్ రావాలి. ఒక ఘనమీటరు బయోగ్యాస్ దాదాపు 0.45 కిలోల ఎల్పీజీ చేసే పని చేస్తుంది. అంటే రోజుకు 4 కిలోల ఎల్పీజీ మిగులు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ నాలుగైదు రోజులకు ఒకటి చొప్పున ఆదా అవుతుంది.

పేడతో పోల్చి చూస్తే మెస్ చెత్త ఎందుకంత ఊరిస్తుందో తెలుస్తుంది. ఒక ఘనమీటరు గ్యాస్‌కు పేడ 25 కిలోలు కావాలి. మిగిలిన అన్నం, కూరలు 10, 12 కిలోలుంటే చాలు. ఇందులో వింతేమీ లేదు. పేడంటే ఆవు తిని, తనకు కావలసింది తీసుకున్నాక మిగిలిన పిప్పి. అన్నంలో పిండి పదార్థమంతా అలాగే ఉంటుంది. అయితే తేలిగ్గా కుళ్లేది తేలిగ్గా పులుస్తుంది కూడా. పేడ ప్లాంటును పుల్లబెట్టాలంటే పట్టుబట్టి ప్రయత్నించాలి. అన్నం ప్లాంటు పుల్లబడటానికి వారం అజాగ్రత్త చాలు.

అక్కడ ఏం చూశాం

వంట మాస్టరు మమ్మల్ని చూడగానే పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాడు. "డ్రమ్ము చూడండి సార్, నిండుగా లేచింది. అగ్గిపుల్ల పెడితే ఫూ అని ఆరిపోతోందండీ. గాలి ఊదినట్టుంది" అన్నాడు. బర్నర్ తిప్పితే నిజంగానే బుస్సుమని వస్తోంది. మంట అంటుకున్న క్షణం బర్నర్ మీద నుంచి బెత్తెడు పైకి లేచి ఆరిపోతోంది. అప్పటికే మేనేజరు జెట్లు విప్పించి శుభ్రం చేయించాడు, కొత్త బర్నర్ కూడా కొన్నాడు. బయోగ్యాస్ పొయ్యికి జెట్ రంధ్రం ఎల్పీజీ పొయ్యి కన్నా పెద్దగా ఉండాలి. అవి సరిగ్గానే ఉన్నాయి. పైపు వాలులో ఉన్న వాటర్ ట్రాప్ విప్పితే కాసిని నీళ్లు కారాయి, మంటలో తేడా రాలేదు.

ఇన్‌లెట్ మూత తీస్తే సంగతి తెలిసిపోయింది. బాగా నడిచే ప్లాంటు దగ్గర వాసన పెద్దగా ఉండదు, ఉన్నా పేడవాసనలా ఉంటుంది. ఇక్కడ పులిసిన కుడితి తొట్టి మీద తల వంచినట్టు ముక్కు పుటాలు మండాయి. పైన తెల్లటి నురగ, అందులో ఉబ్బిన మెతుకులు. అవుట్‌లెట్ దగ్గర స్లర్రీ (ట్యాంకులో కుళ్లిన చెత్తనీళ్లు) నల్లగా పల్చగా రావలసింది బూడిద రంగులో జిగటగా వస్తోంది. పులుపును కొలిచే పీహెచ్ 5.7, ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువైనట్టు. అది 7కు అటూ ఇటూగా ఉండాలి, 6.5 కిందికి వచ్చిందంటే ప్రమాదమే. గ్యాస్ ఎనలైజర్ పెడితే కార్బన్ డయాక్సైడ్ 60 శాతం దాటింది, మీథేన్ మూడో వంతు కూడా లేదు. మామూలుగా ఈ నిష్పత్తి దాదాపు తలకిందులుగా ఉంటుంది. మంటను ఆర్పే వాయువే సగానికి పైగా ఉంటే పొయ్యి ఎలా వెలుగుతుంది? డ్రమ్ముకు మాత్రం ఏ వాయువైనా ఒకటే, నిండితే లేస్తుంది.

తర్వాత రిజిస్టర్ తెప్పించుకున్నాం. చెత్త వేసే కుర్రాడు వంకర టింకర అక్షరాలతోనే అయినా, ఏ రోజు ఎన్ని డ్రమ్ములు పోశాడో నిజాయితీగా రాసుకున్నాడు. ఇలాంటి కేసుల్లో నేను ఎనలైజర్ కన్నా రిజిస్టర్‌నే ఎక్కువ నమ్ముతాను. సెలవుల్లో దాదాపు రెండు వారాలు ట్యాంకులో ఏమీ పడలేదు. హాస్టల్ తెరిచిన రోజే మామూలు లెక్కకు 100 కిలోలు పోశారు. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేసరికి పక్కనున్న ఫంక్షన్ హాలుతో ఒప్పందం కుదిరింది. విందులో మిగిలిన అన్నం, పులిహోర, పాయసం, పెరుగన్నం అన్నీ ఇక్కడికే వచ్చేవి. ఆటో ఖర్చు హాలు వాళ్లదే. మొత్తం 300 కిలోలకు చేరింది. మొదటి రెండు మూడు రోజులు గ్యాస్ బాగా పెరిగింది, అందరూ సంబరపడ్డారు. తర్వాత మంట నీరసించింది. గ్యాస్ తగ్గింది కదా అని ఇంకాస్త వేశారు.

లోపల జరిగింది

గాలి చొరబడని ట్యాంకులో చెత్త గ్యాస్‌గా మారడం ఒక్క జీవి చేసే పని కాదు. వరసగా నాలుగు దశలు, ఒకరు వదిలింది మరొకరు తింటారు.

మొదటి దశలో బాక్టీరియా ఎంజైములు పిండి పదార్థాన్ని చక్కెరలుగా, ప్రొటీన్‌ను అమైనో ఆమ్లాలుగా, కొవ్వును కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి. రెండో దశలో ఆమ్లకారక బాక్టీరియా వాటిని తిని ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ లాంటి ఆమ్లాలుగా మారుస్తాయి. కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ కూడా ఇక్కడే పుడతాయి. మూడో దశలో మిగతా ఆమ్లాలు కూడా విడిపోయి ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. నాలుగో దశలో మిథనోజెన్లు అనే సూక్ష్మజీవులు వాటిని మీథేన్‌గా మారుస్తాయి. మొత్తం మీథేన్‌లో మూడింట రెండొంతులకు పైగా ఎసిటిక్ ఆమ్లం దారిలోనే వస్తుందని సాధారణ లెక్క. మిగతాది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిసి.

చిక్కంతా వీటి వేగాల్లో ఉంది. ఆమ్లాలు చేసే బాక్టీరియా తిండి దొరికితే గంటల్లో రెట్టింపవుతాయి. పుల్లటి వాతావరణం వాటికి పెద్ద లెక్క కాదు. మిథనోజెన్లు రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. వాటిలో కొన్ని రకాలకు వారం దాకా కూడా పడుతుంది. ఆక్సిజన్ పడదు, పులుపు పడదు, చలి పడదు. 35 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తాయి. మేం చూసిన ఉదయం స్లర్రీలో థర్మామీటర్ పెడితే 24 చూపించింది. సెలవుల్లో ఆకలితో తగ్గిపోయిన మిథనోజెన్ల సంఖ్య, పైగా చలి, దాని మీద మూడు రెట్ల పెళ్లి భోజనం. ముందున్నవాళ్లు గబగబా ఆమ్లం చేసి పెట్టారు, వెనకున్నవాళ్లు దాన్ని అందుకోలేకపోయారు. మిగిలిన ఆమ్లం పీహెచ్‌ను దించింది. పీహెచ్ దిగేసరికి మిథనోజెన్లు ఇంకా నెమ్మదించాయి, ఆమ్లం ఇంకా పేరుకుంది. ఒకసారి ఈ సుడి మొదలైతే తనంతట తాను ఆగదు.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. మంచి ట్యాంకులో కొంత ఆమ్లం పెరిగినా పీహెచ్ వెంటనే పడిపోదు. పప్పు, మాంసం, గుడ్డు లాంటి ప్రొటీన్ విడిపోయినప్పుడు అమోనియా వస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అమోనియం బైకార్బనేట్‌గా మారి ఆమ్లం దెబ్బను కాచుకుంటుంది. మేం అల్కలినిటీ అనేది దీన్నే. పెళ్లి భోజనంలో మిగిలేది ఎక్కువగా అన్నం, తీపి. వాటిలో ప్రొటీన్ తక్కువ, కాబట్టి ఆ రక్షణా తక్కువే. ఆమ్లానికీ అల్కలినిటీకీ మధ్య నిష్పత్తి 0.4 లోపు ఉంటే ట్యాంకు క్షేమం, 0.8 దాటితే కుప్పకూలుతున్నట్టు లెక్క. ఇక్కడ టైట్రేషన్ (ఆ పాళ్లు కొలిచే రసాయన పరీక్ష) చేస్తే 1 దాటేసింది. పీహెచ్ కన్నా ముందు ఈ నిష్పత్తి కదులుతుంది. పీహెచ్ పడేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

300 కిలోలు అసలు చేయకూడని పనేమీ కాదని కూడా చెప్పాలి. 60 కిలోల సేంద్రియ పదార్థం, 30 ఘనమీటర్లు, అంటే ఘనమీటరుకు రోజుకు 2 కిలోలు. కలియబెట్టే మోటారు, వేడి చేసే ఏర్పాటు ఉన్న ట్యాంకులు ఈ భారాన్ని సులువుగా మోస్తాయి. ఈ ట్యాంకులో ఆ రెండూ లేవు. అయినా నెలల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోతే ఎండాకాలానికి ఆ దరిదాపులకు చేరేదేమో. వీళ్లు వారంలో చేరారు.

లంఖణం

మేనేజరు రెండు ప్రతిపాదనలు పెట్టాడు. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి మళ్లీ పేడతో నింపడం ఒకటి, సున్నం బస్తాలు కుమ్మరించడం రెండోది. రెండూ వద్దన్నాం. ఖాళీ చేస్తే ఆ ట్యాంకుకు అలవాటుపడిన జీవులన్నీ పోతాయి, మళ్లీ గాడిన పడేసరికి నెలలు గడుస్తాయి. పైగా ఖాళీ చేయడానికి మనిషిని లోపలికి దించుదామన్నాడు. ఆ మాట దగ్గర మాత్రం గొంతు పెంచాల్సి వచ్చింది. ఇలాంటి గుంతల్లో ఆక్సిజన్ ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే తెలుస్తుంది కదా అనుకుంటారు. మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. సెప్టిక్ ట్యాంకుల్లో మనుషులు పోతున్నది ఇలాగే.

సున్నం సంగతి వేరు. అది పీహెచ్‌ను ఉన్నట్టుండి పెంచుతుంది, గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కాల్షియం కార్బనేట్‌గా అడుగున గట్టిపడుతుంది. మోతాదు తప్పితే ఇటు నుంచి అటు దూకినట్టవుతుంది. వంట సోడా నయం. ఘనమీటరు స్లర్రీకి 1.68 కిలోలు కలిపితే అల్కలినిటీ లీటరుకు 1000 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మొత్తం ట్యాంకుకు 50 కిలోలు. మేం అందులో సగం, ఒక 25 కిలోల బస్తా, నీళ్లలో కరిగించి కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెంగా పోయించాం. ఒక్కసారే పోస్తే కార్బన్ డయాక్సైడ్ పొంగి నురగ పైపుల్లోకి ఎక్కుతుంది.

సోడా పూతమందు లాంటిదే. అసలు వైద్యం లంఖణం. చెత్త వేయడం పూర్తిగా ఆపేశాం. మెస్ చెత్తను ఆ రోజుల్లో కంపోస్టు గుంతకు మళ్లించాం. ఫంక్షన్ హాలుకు మేనేజరే ఫోన్ చేసి వద్దన్నాడు, బాగా నొచ్చుకుంటూ. ఉన్న ఆమ్లాన్ని మిథనోజెన్లు నెమ్మదిగా తింటూ తగ్గించాలి. వాటికి కొత్త పని ఇవ్వకూడదు, అంతే. గ్యాస్ రాని ప్లాంటుకు తిండి ఆపమంటే ఎవరికీ మింగుడుపడదు. ఈ మాట ఒప్పించడానికి పట్టినంత సమయం మిగతా పనులన్నిటికీ కలిపి పట్టలేదు.

దానితో పాటు దగ్గర్లో ఒక పాడిరైతు ఇంటి గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి స్లర్రీ తెప్పించాం. అది దీనబంధు నమూనా. 1984లో వచ్చిన ఈ గుమ్మటం డిజైన్‌లో తుప్పు పట్టే డ్రమ్ము ఉండదు, అందుకే పల్లెల్లో ఇప్పటికీ నడుస్తున్నవి కనిపిస్తాయి. ముందు హాస్టల్ ట్యాంకు అవుట్‌లెట్ నుంచి పుల్లటి స్లర్రీ 5 వేల లీటర్లు తోడి ఎండుటాకుల గుంతలో పోశాం. ఆ చోటులో ట్యాంకరుతో తెచ్చిన పేడ స్లర్రీ నింపాం. పచ్చి పేడ కన్నా నడుస్తున్న ప్లాంటు స్లర్రీ మేలు. అందులో బతికున్న మిథనోజెన్లు ఎక్కువ, అల్కలినిటీ సిద్ధంగా ఉంటుంది, ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి సూక్ష్మ ఖనిజాలు వస్తాయి. అన్నం మీదే నడిచే ట్యాంకులకు ఈ ఖనిజాల కొరత మామూలు.

డ్రమ్ములోని పనికిరాని గ్యాస్‌ను పై వాల్వు నుంచి ఎత్తున వదిలేశాం, చుట్టుపక్కల బీడీ కూడా వెలిగించవద్దని చెప్పి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం కలిసి ఉంటే నిప్పు అంటుకుంటుంది. ఎనలైజర్‌లో తక్కువ చూపించింది కదా అని ధీమా పనికిరాదు.

తిరిగి గాడిన పడటం

మొదట కదిలింది గ్యాస్‌లో పాళ్లు. డ్రమ్ము లేవడం దాదాపు ఆగిపోయింది, వచ్చిన కాస్త గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతూ వచ్చింది. రెండో వారంలో బర్నర్ మీద పల్చని నీలి మంట నిలబడింది, పెద్ద గిన్నె పెడితే మాత్రం ఆరిపోయేది. పీహెచ్ 6.6 దాటాక రోజుకు 15 కిలోలతో మొదలుపెట్టాం, మెత్తగా రుబ్బి, ఒక బకెట్ పేడ కలిపి. తర్వాత ప్రతి పెంపుకూ ఒకటే షరతు: మంట నీలంగా, స్థిరంగా ఉండాలి, పీహెచ్ కిందికి జరగకూడదు. జరిగితే ఆ రోజు ఏమీ వేయకూడదు. పూర్తి 100 కిలోలకు చేరేసరికి ఎండలు మొదలయ్యాయి. ఆ వేడి కూడా కలిసొచ్చింది.

రుబ్బడం గురించి ఒక మాట. మిక్సర్ పెట్టుకోండని అందరూ చెబుతారు, మేమూ చెబుతాం. ముద్దలు అడుగున పేరుకోవు, తెట్టు తక్కువ కడుతుంది. అయితే మెత్తగా రుబ్బిన అన్నం ఇంకా త్వరగా పులుస్తుంది. నిలకడగా ఉన్న ట్యాంకుకు అది మేలు, నీరసించిన ట్యాంకుకు కీడు.

మంట తిరిగి వచ్చిన ఉత్సాహంలో మేనేజరు అడిగాడు: "బోయినపల్లి మార్కెట్లో పది టన్నులు వేస్తున్నారటగా సార్, వాళ్లకు లేని రోగం మనకెందుకు?" ప్రశ్న సమంజసమే. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్ ప్లాంటు ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) శాస్త్రవేత్తల రియాక్టర్ టెక్నాలజీతో కట్టింది. రోజుకు సుమారు 10 టన్నుల చెత్తతో 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల దాకా వంట గ్యాస్ వస్తాయని చెబుతారు. 2021 జనవరి 31న ప్రధాని 'మన్ కీ బాత్'లో ప్రస్తావించాక దేశమంతా తెలిసింది. అక్కడ చెత్తను ముక్కలు చేసి, స్లర్రీగా మార్చి పంపుతారు. ట్యాంకులో గ్యాస్‌తోనే స్లర్రీని కదిలించే ఏర్పాటు ఉంది. ఈ హాస్టల్‌కు సంబంధించినంత వరకు అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి. హోల్‌సేల్ మార్కెట్‌కు కూరగాయలు ఏడాది పొడవునా వస్తాయి, చెత్తా వస్తుంది. సెలవులకు ఊళ్లకెళ్లి ఒకేరోజు తిరిగొచ్చే చెత్త కాదది. కూరగాయల్లో నీళ్లే ఎక్కువ, కాబట్టి కిలోకు గ్యాస్ తక్కువ. పులిసే వేగం ఉన్నా, అన్నం ముద్దంత బరువైన తిండి కాదు.

ఇప్పుడు హాస్టల్లో కొన్ని పద్ధతులు మారాయి. డ్రమ్ముల లెక్క పోయి కాటా వచ్చింది. సెలవుల్లో ట్యాంకుకు రోజు విడిచి రోజు కొంచెం పేడనీళ్లు పోస్తున్నారు. పోయకపోయినా కొన్ని వారాలు తట్టుకుంటుంది గానీ, తెరిచాక మళ్లీ పావు వంతుతో మొదలుపెట్టి వారం, పది రోజుల్లో పెంచడం మాత్రం తప్పనిసరి. ఊరగాయ, నిమ్మ డిప్పలు, బజ్జీలు వేయించిన నూనె, ఎముకలు వేరే డబ్బాలోకి. నూనె నుంచి గ్యాస్ బోలెడు వస్తుందన్నది నిజమే, చెంచాల కొద్దీ అయితే. లీటర్ల కొద్దీ పోస్తే తెట్టు కడుతుంది, దాని కొవ్వు ఆమ్లాలు మిథనోజెన్లను ముంచేస్తాయి. ఫినాయిలు, బ్లీచింగ్ కలిసిన నీళ్లు ఇన్‌లెట్ వైపు పారకుండా చిన్న గట్టు కట్టించాం. ఈ కేసులో దానివల్ల ఇబ్బంది రాలేదు, ఇంకోచోట ప్లాంటు పడుకున్నది మాత్రం సరిగ్గా దానివల్లే.

ఫంక్షన్ హాలు చెత్త పూర్తిగా మానుకోవడం మేనేజరుకు ఇష్టం లేదు. నాకూ లేదు, అంత తిండి డంపింగ్ యార్డులో కుళ్లి అదే మీథేన్ గాలిలో కలవడం కన్నా పొయ్యిలో కాలడం నయం. మధ్యేమార్గంగా ఎండాకాలం రోజుకు 40 కిలోలకు మించకుండా తీసుకోమన్నాం. అన్నమే కాకుండా పప్పు, కూరలు కలిసి ఉండాలి. డిసెంబర్, జనవరిల్లో అసలు వద్దు. మాఘమాసం ముహూర్తాలన్నీ చలి ఇంకా వదలకముందే వస్తాయి, కాబట్టి ఆ సీజన్ చెత్త కావాలంటే రెండో ట్యాంకు కట్టుకోవాలి. దాని ఎస్టిమేట్ ఇచ్చాం. కాలేజీ యాజమాన్యం దగ్గర ఉంది.